చేతకాని పనుల ట్రే

కాటాలు బాగుచేసే వాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. తూకంలో తేడా వస్తే మేము మనిషిని అనుమానించం, కాటానే అనుమానిస్తాం. ఇంకెవరైనా కాటా ఎక్కినప్పుడు రెండు కిలోలు తగ్గాయంటే సంబరపడి ఇంటికెళ్ళి చెప్పుకుంటారు. మేమైతే స్క్రూడ్రైవరు తీస్తాం. ఈ జబ్బు వల్లే నాకేం జరుగుతోందో తెలుసుకోవడానికి నెల పైన పట్టింది.

మా వర్క్‌షాపు ఒక పొడుగాటి హాలు. ఒక చివర బస్తాలు తూచే పెద్ద కాటాలు, రెండో చివర అద్దాల గది. నగల కొట్ల నుంచీ, మందులు పరీక్షించే ల్యాబుల నుంచీ వచ్చే సున్నితమైన త్రాసులు ఆ గదిలో ఉంటాయి. అక్కడ ఫ్యాను వేయకూడదు. త్రాసు ముందు కూర్చున్నవాడు ఊపిరి కూడా పక్కకి తిప్పి వదలాలి. కనురెప్ప వెంట్రుక ఒకటి పళ్ళెంలో వేస్తే ముల్లు కదలాలి, తీస్తే మళ్ళీ సున్నా మీదికి రావాలి. ఆ పని నాకొచ్చినంత బాగా మా ఊళ్ళో ఎవరికీ రాదు. గొప్పలు చెప్పుకోవడం కాదు, గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకునే మాటే ఇది.

హాలులో ఇంకో అలవాటుంది. పొద్దున్న రాగానే ప్రతి ఒక్కరం గుమ్మం పక్కనున్న కాటా ఎక్కి, మా బరువు గోడమీద బోర్డులో సుద్దతో రాస్తాం. బస్తాల కాటా బాగుచేసిన ప్రతిసారీ ఇరవై కిలోల ఇనపరాళ్ళు ఎత్తి పెట్టి దించడమంటే నడుం విరిగే పని. అందుకని ముందు మేమే ఎక్కి నిలబడి చూసుకుంటాం. బోర్డు మీదున్న అంకె వస్తే కాటా దారిలో పడ్డట్టే. చివరి పరీక్షకే రాళ్ళు. పన్నెండేళ్ళుగా నా అంకె డెబ్బై ఒకటి. జ్వరం వచ్చి లేచినా, పెళ్ళిభోజనం తిని వచ్చినా, వంద గ్రాములు అటూ ఇటూ అంతే.

ఇక నాకు చేతకానిది మాట్లాడటం. ఎవరు బాగుచేసిన కాటాకి వాళ్ళే ఖాతాదారుకి ఫోన్ చేసి, ఏం పాడైంది, ఏం చేశాం, ఎప్పుడు తీసుకెళ్ళొచ్చు అని వివరంగా చెప్పాలి. రిసీవరు ఎత్తుతాను. అవతలి మనిషి హలో హలో అంటాడు. నేను “అదీ... ఆ త్రాసు...” అంటాను. చివరికి వాడే విసిగిపోయి పెట్టేస్తాడు. రోజుకి నాలుగు ఫోన్లుంటే ఆ నాలుగింటి కోసం పొద్దుట్నుంచీ గడియారం చూసుకుంటూ ఉండేవాణ్ణి. మా పెద్దాయన, అంటే అందరికంటే సీనియరు మెకానిక్కు, నన్ను చూసి, వీడి చేతులకి నోరుంటే ఎంత బాగుండేదో అని నవ్వేవాడు.

నోరు లేకపోవడం వల్ల పని చెడితే పోనీ అనుకోవచ్చు. ఇల్లు చెడింది. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. వాళ్ళ బళ్ళో తల్లిదండ్రులు వచ్చి తమ పని గురించి పిల్లలకి చెప్పే రోజొకటి పెట్టారు. మా నాన్న కనురెప్ప వెంట్రుకని కూడా తూస్తాడని ఇది క్లాసంతా చాటింపు వేసింది. నన్ను రమ్మని వారం రోజులు వెంటపడింది. సరేనన్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చిన్న త్రాసు పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళాను కూడా. హాలు గుమ్మం దాకా వెళ్ళాను. వేదిక మీద మా అమ్మాయి మైకు పట్టుకుని, ఇప్పుడు మా నాన్న వస్తారు అంది. రెండు వందల తలకాయలు నా వైపు తిరిగాయి. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. అది మైకు పట్టుకుని ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు. అడిగే ధైర్యం చేయలేదు.

ఆ రోజు నుంచీ నాతో మాట మానేసింది. అన్నం దగ్గర కూర్చుని, అమ్మా, ఉప్పు ఇటు ఇమ్మని నాన్నతో చెప్పు అనేది. ఉప్పు నా చేతికి ఆనుకునే ఉండేది. ఒక్కసారి సారీ చెప్పండి, అదే కరుగుతుంది అని మా ఆవిడ రోజూ నూరిపోసేది. నేను దాని గది గుమ్మం దాకా వెళ్ళేవాణ్ణి, తిరిగి వచ్చేవాణ్ణి. నాకు ఈ లోకంలో ఉన్నది ఒక్కగానొక్క కూతురు. దానితో మాట పోతే ఇంకేం మిగిలినట్టు? అయినా నోరు పెగలదే.

అలాంటి రోజుల్లో మా వర్క్‌షాపుకి కొత్త మేనేజరు వచ్చాడు. ఆయన ముఖం మీద నవ్వు చెరగడం నేనెప్పుడూ చూడలేదు. అందుకని మా రాళ్ళక్క ఆయనకి చిరునవ్వు అని పేరు పెట్టేసింది. రాళ్ళక్క అంటే తూకపురాళ్ళన్నీ కాపాడే ఆవిడ. ప్రతి రాయినీ మెత్తటి గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి తాళం వేయడం ఆవిడ పని. చిరునవ్వు మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ పిలిచి కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగాడు. రోజు మొత్తంలో మీరు సంతోషంగా ఉండే గంట ఏది అని. పన్నెండేళ్ళలో నన్నీ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. అద్దాల గదిలో ఉన్నప్పుడండీ అన్నాను.

“మరి మిగతా గంటలన్నీ ఎందుకు పాడుచేసుకుంటున్నారు?” అన్నాడు చిరునవ్వు.

మర్నాడు హాలు వెనక నడవాలో, స్టూలు మీద నీలంరంగు ప్లాస్టిక్ ట్రే ఒకటి పెట్టాడు. పక్కన చీటీల కట్ట, పెన్సిలు. పద్ధతి చాలా తేలిక. మనకి చేతకాని పని, చేయాలంటే ప్రాణం మీదికొచ్చే పని ఏదైనా సరే, చీటీ మీద రాసి మడిచి ట్రేలో వేయాలి. ఇక దాని గురించి మరిచిపోవాలి. మనకి వచ్చిన పని మీదే మనసు పెట్టాలి. ఎవరు చేస్తారు అని పెద్దాయన అడిగాడు. మనం అసహ్యించుకునే పని ఎవరో ఒకరికి ప్రాణమై ఉంటుందండీ అని చిరునవ్వు జవాబు.

పెద్దాయనకి అది నచ్చలేదు. ఆయన రాత కోడి గీకినట్టుంటుంది. రిపోర్టు రాయడమంటే ఆయనకి చెప్పలేనంత బాధ. అయినా ట్రే వైపు వెళ్ళలేదు. నా వంకర రాత నాదే, ఎవరికో ఇచ్చేదేంటి అన్నాడు. ఆ వారంలోనే కంటి ఆపరేషన్ కోసం నెల సెలవు పెట్టి వెళ్ళాడు. నేను మాత్రం మొదటిరోజే నాలుగు ఫోన్లూ చీటీల మీద రాసి ట్రేలో వేసి, అద్దాల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

ఆ రోజు నేను ఎంత సుఖంగా పని చేశానో ఎలా చెప్పను. గడియారం వైపు చూడటం లేదు. నా చేతులూ త్రాసూ తప్ప ఇంకో లోకం లేదు. సాయంత్రం గది తలుపు తీసేసరికి ఈల వేస్తున్నానని రాళ్ళక్క చెప్పేదాకా నాకే తెలియదు. నాకు ఈల వేయడం వచ్చని కూడా అప్పటిదాకా తెలియదు.

మర్నాడు ల్యాబు నుంచి ఒకావిడ తన త్రాసు తీసుకెళ్ళడానికి వచ్చింది. పన్నెండేళ్ళుగా వస్తున్న మనిషే. ఎప్పుడూ నాతో ముక్తసరిగా మాట్లాడేది. ఆ రోజు మాత్రం ముఖం వెలిగిపోతూ దగ్గరికొచ్చింది.

“నిన్న ఫోన్లో ఎంత ఓపిగ్గా చెప్పారండీ. మీరు ఇంత బాగా మాట్లాడతారని ఇన్నాళ్ళూ తెలియనే లేదు” అంది.

నేను తల ఊపాను. ఏ వేళకి ఫోన్ చేశానని అడిగాను, ఏదో రశీదు చూస్తున్నట్టు నటిస్తూ. మధ్యాహ్నం మూడింటికట. మూడింటికి నేను అద్దాల గదిలో, పక్కకి తిప్పి ఊపిరి వదులుతున్నాను. గొంతు మీదే, ఎక్కడైనా గుర్తుపడతాను అని ఆవిడ వెళ్ళిపోయింది. నాకు వీపు మీద చెయ్యెవరో వేసినట్టయింది. తిరిగి చూశాను. ఎవరూ లేరు. కానీ నిజం చెప్పొద్దూ, ఆ మధ్యాహ్నం మళ్ళీ మూడు చీటీలు వేశాను. తగ్గిపోయిన పంటినొప్పిని ఎవరూ వెనక్కి పిలవరు.

వారం తిరిగేసరికి గుమ్మం దగ్గర కాటా మీద నా అంకె అరవై తొమ్మిదిన్నర చూపించింది. అద్దంలో నా ముఖం ఎప్పటిలాగే ఉంది. బెల్టు అదే కన్నంలో ఉంది. రాళ్ళక్కని ఎక్కమన్నాను. ఆవిడకి లెక్కలంటే చిరాకు, రోజువారీ లెక్క పట్టికలన్నీ ట్రేలోనే వేస్తోంది. ఆవిడకి కూడా రెండు కిలోల దాకా తగ్గింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇద్దరికీ ఒకేసారి తగ్గిందంటే మనుషులది కాదు తప్పు, కాటాదే అని తేల్చాం. నేను స్క్రూడ్రైవరు తెచ్చి, డెబ్బై ఒకటి వచ్చేదాకా తిప్పాను. అంకెలతో వేగలేక రాళ్ళక్క ఇక కాటా ఎక్కకుండానే రోజూ బోర్డు మీద తన పాత అంకె రాసేసేది. నాలుగు రోజులకి నాకు మళ్ళీ తగ్గింది. మళ్ళీ తిప్పాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నవాడికి నేనేం తీసిపోను. పక్కనే ఇనపరాళ్ళున్నాయి. ఒక్కటి ఎత్తి పెట్టి చూస్తే తేలిపోయేది. మా బరువు మీద మాకంత నమ్మకం.

ఆ రోజుల్లోనే రాళ్ళక్క ఒక సంగతి చెప్పింది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉంది. మంచం పక్కన కూర్చోవడమంటే ఆవిడకి భయం. ఆ వాసనకి, ఆ మూలుగులకి వరండాలోంచే తిరిగి వచ్చేసేదట. ఒకరోజు తెగించి ఆ పనే చీటీ మీద రాసి ట్రేలో వేసిందట. రెండు రోజుల తర్వాత గుండె రాయి చేసుకుని ఆసుపత్రికి వెళితే, ఇంతలోనే మళ్ళీ వచ్చావేంటే, ఇందాకే కదా తల దువ్వి వెళ్ళావు అందట తల్లి. తల నిజంగానే దువ్వి, జడ వేసి ఉందట. చెప్తున్నప్పుడు రాళ్ళక్క గొంతులో భయమేమీ లేదు. హాయిగా ఉంది.

“ట్రేకి ఇంటి పనీ ఆఫీసు పనీ అని తేడా లేదు తమ్ముడూ. నీ కూతురి సంగతి కూడా అందులో వేసెయ్. ఎన్నాళ్ళు ఏడుస్తావ్?” అంది.

నేను రెండు రోజులు ఆగాను. మూడో రోజు అన్నం దగ్గర మా అమ్మాయి, నాన్నని టీవీ తగ్గించమను అని గోడతో చెప్పింది. వాళ్ళమ్మతో కాదు, గోడతో. మర్నాడు నడవాలో నిలబడి పెన్సిలు తీసి, మా అమ్మాయికి సారీ చెప్పాలి అని రాశాను. నాలుగు మడతలు పెట్టాను. ట్రేలో వేసి, వెనక్కి చూడకుండా అద్దాల గదికి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం నేను చెప్పులు విప్పుతుండగానే మా అమ్మాయి పరుగున వచ్చి నా నడుం చుట్టూ చేతులు వేసి పట్టుకుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది. పోన్లే నాన్నా, నాకు అర్థమైంది అంది. బడి వదిలాక గేటు దగ్గర నువ్వు చెప్పినవన్నీ విన్నాక నాకు కోపమే లేదు అంది. వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ నా వైపు చూసిన చూపు పెళ్ళైన కొత్తలో చూసిన చూపు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషమే. ఎవరు చెబితేనేం, నా కూతురు నా దగ్గరికి వచ్చింది అనుకున్నాను. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను కూడా.

మర్నాడు కాటా ఒక్కసారిగా మూడు కిలోలకి పైగా తగ్గి చూపించింది. తిట్టుకుంటూ తిప్పాను.

తర్వాత రెండు మూడు రోజులు ఇల్లు ఇల్లులా ఉంది. నాలుగో రోజు మా అమ్మాయి మాటల మధ్యలో, నిన్న గేటు దగ్గర చెప్పావే, అలాగే చేశాను నాన్నా, టీచరు మెచ్చుకుంది అంది. నిన్నటి గురించి నేను చీటీ వేయలేదు. మొన్నటి గురించీ వేయలేదు. ఎన్నిసార్లు వచ్చాను అని నవ్వుతూ అడిగినట్టు అడిగాను. రోజూ వస్తున్నావుగా అంది అది. తర్వాత ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, సంచీ సర్దుకోవడంలో పడింది.

ఆ మర్నాడు తలనొప్పని చెప్పి మూడున్నరకే వర్క్‌షాపులోంచి బయటపడ్డాను. బడి వదిలేది నాలుగుంబావుకి. ఎండ ఇంకా తగ్గలేదు. నడుస్తుంటే నా చెప్పుల చప్పుడు నాకే సరిగా వినపడటం లేదు. గేటు చేరేసరికి నాలుగూ పది. పిల్లలు అప్పటికే సగం మంది వెళ్ళిపోయారు. ఆ రోజు పది నిమిషాలు ముందే వదిలారట. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి నోరు తెరిచాడు.

“అదేంటి సార్, మళ్ళీ వచ్చారు? ఇప్పుడే కదా పాపని తీసుకుని ఆ సందులోకి తిరిగారు” అన్నాడు.

సందులోకి పరుగెత్తాను. అటూ ఇటూ ఇళ్ళ గోడలు, ఒక కుట్టుమిషను కొట్టు, మూసి ఉన్న కిటికీలు. సందు చివర మలుపు దగ్గర మా అమ్మాయి సంచీ ఒక్క క్షణం కనపడింది. దాని పక్కన ఒక చొక్కా. ఆ రోజు నేను వేసుకున్న చొక్కాయే. అది తల పైకెత్తి నవ్వుతోంది. నాతో అది ఎప్పుడూ అలా తల వెనక్కి వాల్చి నవ్వలేదు. పిలుద్దామని నోరు తెరిచాను. పేరు పెదవి దాటలేదు. మలుపు తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఇంటికెళ్ళేసరికి అది కూర్చుని హోంవర్క్ చేసుకుంటోంది. ఒక్కతే ఉంది. నన్ను చూసి, అంత ఆయాసమేంటి నాన్నా అని మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఎవరికి చెప్పను? తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చున్నాను. చీటీ వేసింది నా చేతులతో నేనే.

వారం తర్వాత పెద్దాయన నల్లకళ్ళద్దాలతో పనిలోకి వచ్చాడు. అలవాటు ప్రకారం కాటా ఎక్కాడు. ఆయన అంకె ఎప్పుడూ అరవై నాలుగు. డెబ్బై మూడున్నర దాటి చూపించింది. నెల రోజులు మంచమెక్కి తిన్నారు కదా అని రాళ్ళక్క నవ్వబోయింది. పెద్దాయన నవ్వలేదు. ఆయనకీ మా జబ్బే. కాకపోతే తన ఒంటిని నమ్ముకునే రకం కాదు. దిగి, ఇరవై కిలోల ఇనపరాయి తెచ్చి కాటా మీద పెట్టాడు. ఇరవై మూడు చూపించింది.

“దీన్ని ఎవరు తిప్పారు?” అన్నాడు.

నేనే అని చెప్పాను. ఎందుకు తిప్పానో కూడా ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఆయన స్క్రూ వెనక్కి తిప్పి, రాయి ఇరవై చూపించేదాకా సరిచేసి, నన్ను ఎక్కమన్నాడు. అరవై ఒకటీ ఏడు వందలు. రాళ్ళక్క ఎక్కింది. యాభై ఎనిమిది ఉండాల్సిన మనిషి ముప్ఫై తొమ్మిది. ఎదురుగా చూస్తే అవే బుగ్గలు, అదే గుండ్రటి చెయ్యి, ఆ చేతికి ఎప్పటిలాగే బిగుతుగా పట్టిన గాజులు. మందులేమైనా వాడుతున్నారా అని పెద్దాయన అడగలేదు. నడవా వైపు ఒకసారి చూసి, నల్లద్దాలు తీసి తుడుచుకుని, నీ చీటీలు వెనక్కి తెచ్చుకో అబ్బాయ్, ఉంటే అన్నాడు. రాళ్ళక్క మాత్రం, పోతే పోయాయిలే, ఒళ్ళు తేలిగ్గా ఉంది అనుకుంటూ వెళ్ళి రాళ్ళు తుడుచుకుంది. ఆవిడ నడిచి వెళ్తుంటే చెక్కపలకల నేల మీద ఒక్క పలకా కిర్రుమనలేదు.

ట్రే ఖాళీగా ఉంది. అడుగున దుమ్ము కూడా లేదు. నేరుగా చిరునవ్వు గదికి వెళ్ళాను. నా చీటీ ఒకటి నాకు కావాలన్నాను. ఏ చీటీ అని కూడా అడగలేదు ఆయన. అయిపోయిన పని వెనక్కి ఎలా వస్తుందండీ, ఎంతో ఇష్టంగా చేశారు కూడాను అన్నాడు. ఎవరు చేశారు అని అడిగాను. నా జన్మలో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన నవ్వు చెరగలేదు.

“అది అలా ఉంచండి. ఈ నెలలో మీరు పనిలో సంతోషంగా లేరా?” అన్నాడు.

కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకంటే ఉన్నాను. నా జీవితంలో అంత సంతోషంగా పని చేసిన నెల ఇంకోటి లేదు. నా చేతుల కింద ముల్లు సున్నా మీద నిలిచిన ప్రతిసారీ నేనో మనిషిననిపించింది. అబద్ధమాడదామన్నా ఆడలేకపోయాను. ఆయన తలూపి, మరి అద్దాల గదికి వెళ్ళండి, నగల కొట్టు త్రాసు వచ్చింది అన్నాడు. వెళ్ళాను. ఏం చేయను, వెళ్ళి ఆ త్రాసు కూడా బాగుచేశాను. ఎప్పుడూ లేనంత బాగా కుదిరింది. అందుకే నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం దారి పొడుగునా ఒకటే అనుకున్నాను. వాడెవడో చెప్పిన సారీ నాది కాదు. నత్తినత్తిగానో, ముక్కలుగానో, నా నోటితో నేను చెప్పుకోవాలి. చెబితే అది నా కూతురవుతుంది. లేకపోతే ఆ గేటు దగ్గరి వాడి కూతురు. ఎలా చెప్పాలో పదిసార్లు వల్లెవేసుకున్నాను.

అది బల్ల దగ్గర కూర్చుని పుస్తకానికి అట్ట వేస్తోంది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. చెమట పడుతోంది. ఆ రోజు బళ్ళో నేను పారిపోవడం తప్పమ్మా అన్నాను. ఇంకేదో అనబోయి ఆగిపోయాను. మళ్ళీ మొదలుపెట్టాను. సారీ అన్నాను. చాలా చిన్న మాట అది, ఇన్నాళ్ళూ కొండంత అనిపించింది.

అది అట్ట మడుస్తూనే నవ్వింది.

“చెప్పావుగా నాన్నా. ఆ రోజు చాలా బాగా చెప్పావు కూడా.”

అయినా మళ్ళీ చెబుతాను అన్నాను. వద్దులే, నువ్వెందుకు పారిపోయావో నాకు తెలుసుగా అంది. ఎందుకు అన్నాను. నాకు నిజంగానే తెలియదు. అది నేను ఆటపట్టిస్తున్నాననుకుని చెప్పడం మొదలుపెట్టింది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మ స్నానాలగదిలో జారిపడిందట. తలకి దెబ్బ తగిలి రక్తం వస్తుంటే, పక్కింటివాళ్ళని పిలుచుకు రా అందట. నేను పరుగెత్తుకెళ్ళి వాళ్ళ గుమ్మంలో నిలబడ్డానట. నోట్లోంచి మాట రాలేదట. ఆడుకోవడానికి వచ్చాననుకుని వాళ్ళు నా చేతిలో బిస్కెట్టు పెట్టారట. అది పట్టుకుని అలాగే తిరిగి వచ్చేశానట. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకి కూడా చెప్పలేదు, నీకే చెప్తున్నాను అన్నానట.

నేను ఊపిరి బిగబట్టి వింటున్నాను. వేరే ఎవరి ఇంట్లోనో జరిగిన కథ వింటున్నట్టుంది. ఆ గుమ్మం నాకు గుర్తు లేదు. బిస్కెట్టు గుర్తు లేదు. మా అమ్మ చిన్నప్పుడే పోయిందని తెలుసు. ఎలా పోయిందని వెతుక్కుంటే ఆ చోట తుడిచిన పలకలా ఏమీ లేదు. అయ్యో పాపం అనిపించింది, ఆ ఎనిమిదేళ్ళవాడి మీద.

“తర్వాత ఏమైంది?” అన్నాను.

దాని చేతుల్లో అట్ట ఆగిపోయింది. నా ముఖంలోకి చూసింది. ఆటపట్టించడం కాదని అర్థమైనట్టుంది. భయపడుతుందేమో అనుకున్నాను. భయపడలేదు. ఇంటికొచ్చిన ముసలి చుట్టానికి ఏదో గుర్తు రాకపోతే ఎంత మర్యాదగా చూస్తామో అలా చూసి, బల్ల మీద నుంచి నా చెయ్యి అందుకుని నెమ్మదిగా నిమిరింది.

“అంతవరకే చెప్పారు నాన్నా. అక్కడికొచ్చేసరికి ఏడుపొచ్చేసింది ఆయనకి. నువ్వు బాధపడకు. రేపు గేటు దగ్గర మిగతాది అడిగి నీకు చెప్తాలే” అంది.

వెళ్ళొద్దమ్మా అని చెప్పాలనుకున్నాను. నోరు తెరిచి కూర్చున్నాను. అది కాసేపు ఓపిగ్గా ఎదురుచూసి, మళ్ళీ పుస్తకానికి అట్ట వేసుకుంది.